గోడ మీద పాట

పోయిన వారం మా కంప్యూటర్ సెక్షన్‌లో కొత్తగా చేరిన అమ్మాయి నా బల్ల దగ్గరికి వచ్చింది. "సార్, పాస్‌వర్డ్ కొడుతున్నాను. తెర మీద ఒక్క చుక్క కూడా పడటం లేదు. కీబోర్డు పాడైనట్టుంది" అంది. నాకు నవ్వు ఆగలేదు. ఆ అమ్మాయి చిన్నబుచ్చుకుంది. "నీ గురించి కాదమ్మా" అన్నాను. మరెవరి గురించో చెప్పలేదు. ఒక్క ముక్కలో చెప్పడానికి ఆయన కుదరడు.

నిరుడు వానాకాలంలో పోయాడాయన. మా పవర్ స్టేషన్ కంట్రోల్ రూంలో టర్బైన్ డెస్కు దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. పుట్టింది కూడా ఆ దగ్గర్లోనే, రాయచూరు పక్క పల్లెలో. కాలనీ అంతటికీ 'ఆపరేటరన్న'. క్వార్టరు ఖాళీ చేశాక కూడా దూరం పోలేదు. కాలనీ గేటు బయటే చిన్న ఇల్లు కట్టుకుని, స్టేషన్ పొగగొట్టాలు కనపడే వైపు కుర్చీ వేసుకున్నాడు. దారిన పోతూ పోతూ ఉన్నట్టుండి ఆగి, తల ఒక పక్కకు వంచి వినేవాడు. "మూడో యూనిట్ల బేరింగు గునుస్తున్నది తమ్మీ, పోయి చెప్పు" అనేవాడు. మొదట్లో నేను నిజమే అనుకుని లోపల అడిగి వచ్చేవాణ్ణి. ఎప్పుడూ ఏమీ ఉండేది కాదు. ఒకసారైతే ఆయన విన్నది పక్కింటివాళ్ల మిక్సీ అని తేలింది. "ఆ మిక్సీ బేరింగు గూడ పోయింది, కావాల్నంటే చూడు" అన్నాడు, కొంచెం కూడా తగ్గకుండా.

ఇంకో అలవాటు. పొద్దున్నే కన్నడ పేపరు తెచ్చుకుని భార్యకు పైకి చదివి వినిపించేవాడు. కళ్లు కన్నడం మీద ఉండేవి, నోట్లోంచి తెలుగు వచ్చేది. ధరల వార్త వస్తే ఉర్దూలో తిట్టేవాడు. ఆయన బళ్లో చదివింది కన్నడం. తల్లి పక్కన కూర్చుని పాటల పుస్తకంలో వేలుపెట్టి నేర్చుకున్నది తెలుగు. రెండు లిపులూ ఆయనకు ఒకే చొక్కాకున్న రెండు జేబులు. ఏ జేబులో చెయ్యి పెట్టాడో చూసుకునే అలవాటు లేదు.

కాలనీ గేటు పక్కన చిన్న చర్చి ఉంది. ఆదివారం పొద్దున మొదట తెలుగువాళ్ల ఆరాధన, అది అయ్యాక అదే హాల్లో కన్నడవాళ్లది. తెలుగు పాటల్ని కంప్యూటర్‌లోంచి గోడ మీదికి వేసి చూపించే పని ఆపరేటరన్నది. ఏళ్ల తరబడి తనే టైపు చేసుకున్న పాటలవి. పుస్తకాలు అరిగిపోయి అట్టలూడాయి. మిగిలినవాటిని ముసలమ్మలు ఒళ్లో పెట్టుకునేవారు గానీ తెరిచేవారు కాదు, చూపు గోడ మీదే.

ఒక ఏడాది ఈస్టర్‌కు కొన్ని వారాల ముందు, అకాల వానలో పిడుగు పడి ఆ కంప్యూటర్ మాడిపోయింది. రాష్ట్రానికి కరెంటు పంపే చోట చర్చికి మంచి కరెంటు దక్కలేదని కాలనీలో నవ్వుకున్నారు. సంఘంలో ఒకాయన కూతురు, బెంగళూరులో ఉద్యోగం చేసే అమ్మాయి, తను వాడి పక్కన పెట్టిన కంప్యూటర్ పంపింది. దాంట్లో అందరూ వాడే విండోస్ లేదు, లినక్స్ ఉంది. పాటలేమో పెన్‌డ్రైవ్‌లో క్షేమంగానే ఉన్నాయి. కానీ అవి ఎప్పటిదో పాత ఫాంటులో కొట్టినవి. ఆ ఫాంటు మాడిపోయిన డిస్కుతోనే పోయింది. కొత్త యంత్రంలో తెరిస్తే పాట బదులు బ్రాకెట్లు, డాలర్ గుర్తులు, ఇంగ్లీషు అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడి కనిపించాయి.

హాలు బాధ్యత చూసేది ఒక కన్నడ పెద్దాయన, బాయిలర్ సెక్షన్‌లో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. తెలుగువాళ్లు తగ్గిపోతున్నారు, వాళ్ల పిల్లలు ఆరాధనలో పెదవి కదపకుండా కూర్చుంటున్నారు, రెండూ కలిపి కన్నడంలో ఒకే ఆరాధన పెట్టుకుందామని ఆయన అంతకుముందు నుంచీ మెల్లగా అంటున్నాడు. అందులో దురుద్దేశం ఏమీ లేదు. పాటలు పోయాయని తెలిశాక గడువు పెట్టాడు. ఈస్టర్‌కల్లా గోడ మీద తెలుగు పాట సరిగ్గా వస్తే సరే, రాకపోతే ఆ వారం నుంచే కలిపేద్దాం.

ఆ మర్నాడే ఆపరేటరన్న మా క్వార్టరుకు వచ్చాడు. మాది ఆ చర్చి కాదు. మాది ఒంగోలు వైపు, మా ఇంటి గుమ్మానికి వేంకటేశ్వరస్వామి పటం ఉంటుంది. ఆయన దాని కింద నిలబడి, "నేర్పు తమ్మీ" అన్నాడు. "మా అమ్మ పాటలవి. నేనుండంగ గోడ ఖాళీగుంటే నాకు మంచిగనిపియ్యదు."

నేను ఒప్పుకున్నాను. మంచితనం వల్ల కొంత, లినక్స్ తెలిసినవాణ్ణి కాలనీలో నేనొక్కణ్ణే అన్న గొప్ప వల్ల ఎక్కువ.

చర్చి పక్క గదిలో సాయంత్రాలు పాఠం. కంట్రోల్ రూంలో ఫోన్‌లో ఆర్డరొస్తే దాన్ని తిరిగి పైకి చెప్పి, చేసి, చేశానని మళ్లీ చెప్పాలి. ఆయనకు ఆ అలవాటు ఇక్కడా పోలేదు.

"ఆ ఫోల్డర్ తెరవండన్నా."

"ఫోల్డర్ తెరుస్తున్న."

తెరిచేవాడు.

"ఫోల్డర్ తెరిచిన."

"చూశాను."

"చూసినవా?"

"చూశాననే కదన్నా అంటున్నాను."

"గట్ల గట్టిగ చెప్పాలె. లేకుంటే నాకెట్ల తెలుస్తది?"

ఆయన ఇంకో మీట వెతికే లోపల నాకు ఓపిక చచ్చేది. ఆయన చేతిలోంచి మౌస్ లాక్కుని టకటకా నొక్కేసి, "చూశారా, ఇంతే" అనేవాణ్ణి. ఆయన ఖాళీ అయిన అరచెయ్యి వంక చూసుకుని, దాన్ని మెల్లగా మోకాలి మీద పెట్టుకునేవాడు. "ఇంతేనా" అనేవాడు. ఇప్పుడు తలుచుకుంటే ఆ చెయ్యే కనిపిస్తుంది నాకు. నేర్పుతున్నానని అనుకున్నాను గానీ, నిజానికి ఆయన ముందు నేను నా పనితనం చూసుకుంటున్నాను.

వదిన, అంటే ఆయన భార్య, హాలు ఊడవడానికి వచ్చి మా పాఠం వినేది. "ఇన్నేండ్లు ఊరందరికి కరెంటు పుట్టిచ్చినోడు, గిప్పుడు ఒక్క అక్షరం పుట్టిస్తలేడు సూడు" అనేది.

"సప్పుడు చెయ్యకు. స్టార్టప్ల ఉన్న" అనేవాడాయన, ఆగిన యూనిట్ లేపుతున్నవాడిలా.

కంట్రోల్ రూం నుంచి ఆయన తెచ్చుకున్నది ఇంకొకటి ఉంది, ఎర్ర కార్డు. అక్కడ ఏ యంత్రం మీదైనా మనుషులు పనిచేస్తుంటే దాని మీటకు ఎర్ర కార్డు తగిలిస్తారు. తగిలించినవాడే వచ్చి తీసేదాకా ఎవరూ దాన్ని ముట్టరు. టీ తాగడానికి లేచినా సరే ఆయన కంప్యూటర్‌కు ఆ కార్డు తగిలించేవాడు. ఒకనాడు కన్నడవాళ్లు ప్రకటనలు టైపు చేసుకుందామని వచ్చి, కార్డు చూసి, ఆయన ఇంట్లో మధ్యాహ్నం నిద్ర లేచి వచ్చేదాకా అరుగు మీద కూర్చున్నారు. వాళ్లూ స్టేషన్ మనుషులే మరి. కార్డు తీసే ధైర్యం ఎవరికుంటుంది?

పాటలు చూపించడానికి అవసరం లేకపోయినా, యంత్రం లోపలి సంగతి తెలియాలని చెప్పి నేను ఆయన్ని నల్ల తెర ముందు కూర్చోబెట్టాను. అక్షరాలతో ఆజ్ఞలిచ్చే తెర అది. నిజం చెప్పాలంటే అదీ నా గొప్ప కోసమే. తెలుగు మీటల పద్ధతిని ఎక్కించే ఆజ్ఞ ఒక చీటీ మీద రాసిచ్చి, పాస్‌వర్డ్ అడుగుతుంది, కొట్టండి అని చెప్పి డ్యూటీకి పోయాను. సాయంత్రం వచ్చేసరికి కీబోర్డు మీద ఎర్ర కార్డుంది. ఆయన చేతులు కట్టుకుని దాని ముందు కూర్చున్నాడు.

"ఏమైందన్నా?"

"పాస్‌వర్డ్ కొట్టిన. ఇండికేషన్ రాలే."

"రాదన్నా. అక్కడ అంతే. మీరు కొట్టింది లోపలికి పోయే ఉంటుంది. ఎంటర్ నొక్కండి."

"ఇండికేషన్ రాకుండ ముందుకెట్ల పోత? మా డెస్కు మీద గట్ల చేస్తే చార్జిషీటు ఇస్తుండిరి."

"పక్కనెవరైనా చూస్తారని చూపించదన్నా."

ఆయన గదంతా కలయజూశాడు. "ఈడ ఎవరున్నరు? నేనున్న, మా ఇంటామె ఉన్నది. ఆమెకు సదువే రాదు."

"రాకున్నా సూస్త" అంది వదిన చీపురు ఆపకుండా. "ఏమో దాస్తున్నడని మాత్రం తెలుస్తది గద."

నేను ఎర్ర కార్డు తీయబోతే ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. తగిలించింది తను కాబట్టి తనే తీశాడు. ఎంటర్ నొక్కాడు. పని జరిగిపోయింది. ఆయన మాత్రం మెచ్చలేదు. "పని చేసింది, సరే. చేస్తున్ననని చెప్పలే. ఇది మంచి ఆపరేటర్ కాదు."

పేర్ల విషయంలోనూ గొడవే. ఆ యంత్రంలో పెద్ద ఇంగ్లీషు అక్షరంతో మొదలైన పేరు వేరు, అదే పేరు చిన్న అక్షరంతో రాస్తే వేరు. ఈస్టర్ పాటలకని ఆయన ఒక పేరుతో ఫోల్డర్ చేశాడు, మర్నాడు అదే పేరు చిన్న అక్షరంతో కొట్టి వెతికితే దొరకలేదు.

"ఆధార్ కార్డుల ఒక తీరు, బ్యాంకుల ఒక తీరు రాస్తరు. మనిషి ఒక్కడే గద?"

"దీనికి ఇద్దరన్నా."

"అయితే దీన్ని పోయి తాలూకాఫీసుల కూసోబెట్టు."

ఆ రోజు నేను నవ్వాల్సింది. డ్యూటీలో ఎవరి మీదో ఉన్న విసుగు ఆయన మీద చూపించాను. "చెప్పింది చెప్పినట్టు చేస్తే చాలన్నా, వాదనెందుకు" అని గట్టిగానే అన్నాను. రెండు రోజుల తర్వాత టీ బంకు దగ్గర ఆయన ఎవరితోనో అంటుంటే విన్నాను. "తమ్మికి తెలివి శాన ఉన్నది. ఓపికనే లేదు పాపం." ఆ 'పాపం' నాకు గుచ్చుకుంది. నిజం కాబట్టే గుచ్చుకుంది. పాఠాలకు వెళ్లడం తగ్గించేశాను.

అప్పటికి ఆయనకు కొత్త మీటల పద్ధతిలో టైపింగ్ వచ్చేసింది. డెస్కు మీద మీటలు చూడకుండా తిప్పిన చేతులకు అదొక లెక్క కాదు. క ఎక్కడ, త ఎక్కడ, ఒత్తు ఎక్కడ అని వేళ్లు నేర్చుకున్నాయి. తల్లి పాటలు చూసి కొట్టాల్సిన పని లేదు, మెల్లగా పాడుకుంటూ కొట్టేవాడు. ఒక్కొక్క పాటే మళ్లీ తెలుగై గోడ ఎక్కుతోంది. పండుగ పాటలు మాత్రం ఆఖరికి ఉంచుకున్నాడు.

ఇక్కడ ఒక్క సంగతి చెప్పాలి. ఆ కంప్యూటర్ రెండు సంఘాలదీ కాబట్టి కన్నడం నేను ముందే ఎక్కించి పెట్టాను. రెండు మీటలు కలిపి నొక్కితే భాష మారుతుంది. మీటల స్థానాలు మాత్రం రెండు భాషలకీ ఒకటే. తెలుగు క ఉన్న చోటే కన్నడ క ఉంటుంది. ఇప్పుడు ఏ భాషలో ఉందో తెర పైమూల రెండు చిన్న అక్షరాలు చెబుతాయి. ఆ మూల నేను ఆయనకు చూపించలేదు. ఎప్పటిలాగే మౌస్ లాక్కుని, తెలుగులో పెట్టేసి, "ఇక దీన్ని కదపకండి" అన్నాను.

పండుగ ముందు రోజు శనివారం పొద్దున కన్నడవాళ్లు ప్రకటనలు కొట్టుకుని పోయారు. మధ్యాహ్నం ఆపరేటరన్న నాకు ఫోన్ చేశాడు. "పండుగ పాటలు ఎక్కిస్తున్న తమ్మీ. సాయంత్రం వచ్చి నువ్వొకసారి చూడు. ఇద్దరు చూడకుండ యూనిట్ లేపరు." వస్తానన్నాను. వెళ్లలేదు. పనేం లేదు. బద్ధకం, ఆ 'పాపం' మీద మిగిలిన కాస్త కోపం. టీవీ ముందు కూర్చుని, ఆయనకు వచ్చేసింది కదా, నేనెందుకు అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

పొద్దున నిద్ర లేచేసరికి మనసు కుదురుగా లేదు. చర్చికి వెళ్లి హాలు వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను. అందరూ కొత్త బట్టల్లో ఉన్నారు. ముసలమ్మలు ముందు వరసల్లో, పిల్లలు ఒక పక్క చాప మీద. కన్నడ పెద్దాయన ఆ రోజు ముందే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, ఎందుకో అందరికీ తెలుసు. పాస్టరు అయ్యగారు ప్రార్థన ముగించి తల ఊపారు. ఆపరేటరన్న మీట నొక్కాడు. గోడ నిండా పాట వచ్చింది, పెద్ద పెద్ద అక్షరాలతో, ఎక్కడా విరగకుండా.

కన్నడ అక్షరాలతో.

మాటలు తెలుగువే. లిపి మొత్తం కన్నడం. ముందు రోజు పొద్దున కన్నడవాళ్లు మార్చుకున్న భాష అలాగే ఉండిపోయింది. ఆయన మధ్యాహ్నమంతా కూర్చుని, పాడుకుంటూ, ఒక్క తప్పు లేకుండా పండుగ పాటలన్నీ కన్నడంలో కొట్టాడు. మనమెవరైనా మొదటి అక్షరం దగ్గరే గుర్తుపడతాం. ఆయన రెండూ ఒకేలా చదివే మనిషి, తెర మీద తన పాట తనకు కనిపించింది, అంతే. అప్పుడు కూడా గోడ వైపు చూసి తృప్తిగా పాట ఎత్తుకున్నాడు.

ముసలమ్మలు మొదటి చరణం నోటికొచ్చినంత పాడి, రెండో దాని దగ్గర తడబడ్డారు. ఒకామె కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. గుమ్మంలో పెద్దాయన ముఖం చూడలేకపోయాను. పెద్దవాళ్ల గొంతులు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి. ఆపరేటరన్న గొంతు ఒక్కటే మిగిలింది, దానికి శ్రుతి ఎప్పుడూ అంతంత మాత్రమే.

అప్పుడు చాప మీద నుంచి పాట లేచింది.

ఆ పిల్లలు ఇంట్లో మాట్లాడేది తెలుగు. బళ్లో చదివేది కన్నడం. ప్రతి ఆదివారం వాళ్లు గోడ మీద చూసింది తమకు రాని అక్షరాలు. ఆ రోజు మొదటిసారి అమ్మమ్మ పాట వాళ్లకు చదవడానికి వచ్చింది. ముందు గొణిగారు, తర్వాత ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు, మూడో చరణానికి హాలు పైకప్పు అదిరిపోయేలా పాడారు. వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వాళ్ల వైపే చూస్తోంది. ఆపరేటరన్న మాత్రం ఎవరు పాడుతున్నారో తెలియక వెనక్కి తిరిగి చూసి, మళ్లీ గోడ చూసి, ఈసారి గుర్తుపట్టాడు. చెయ్యి కీబోర్డు మీదే ఉండిపోయింది.

ఆరాధన అయ్యాక అయ్యగారు లేచి, "పిల్లల కోసం ఇంత మంచి ఆలోచన చేసిన మన కంప్యూటర్ సారుకు వందనాలు" అంటూ నా వైపు చెయ్యి చూపించారు. అందరూ తిరిగి చూశారు. నేను కాదనడానికి నోరు తెరిచానో లేదో నాకే సరిగ్గా గుర్తులేదు.

ఆపరేటరన్న లేచి నిలబడ్డాడు. "ఆలోచన ఎవరిది గాదు అయ్యగారూ. రాంగ్ ఆపరేషన్. చేసింది నేను." గుమ్మం వైపు తిరిగాడు. "ఈస్టర్‌కు తెలుగుల చూపిస్తనన్న. చూపియ్యలే. తప్పు ఆపరేషన్‌తోని యూనిట్ మంచిగ నడిచినా అది తప్పు ఆపరేషనే. మీరు ఇచ్చిన గడువు దాటింది. మీరేమంటే అది."

వదిన ముఖం పక్కకు తిప్పుకుంది. గడువు పెట్టిన పెద్దాయన ఆపరేటరన్న వంక కాసేపు చూశాడు. చాప మీది పిల్లలింకా గోడ చదువుతూనే ఉన్నారు.

"ఇర్లి బిడ్రి" అన్నాడు. ఉండనీయండి. "హుడుగ్రు హాడ్తారల్ల." పిల్లలు పాడుతున్నారు కదా. తర్వాత నవ్వు దాచుకుంటూ కన్నడంలోనే అన్నాడు, ఆలస్యం చేయకుండా హాలు ఖాళీ చేస్తే తమ ఆరాధన మొదలుపెట్టుకుంటామని.

బయట చెప్పులు వేసుకుంటున్నప్పుడు ఆయన పక్కకు వెళ్లాను. ఆ మూల రెండక్షరాల సంగతి నేను చెప్పలేదని, శనివారం కావాలనే రాలేదని అన్నాను. ఆయన చెప్పు పట్టీ బిగించుకుంటూ విన్నాడు.

"నువ్వు చెప్పలే, నేనడగలే. షిఫ్ట్ అప్పజెప్పేటప్పుడు ఇద్దరూ సంతకం పెడ్తరు తమ్మీ. ఇచ్చినోడు, తీసుకున్నోడు." లేచి నా భుజం మీద చెయ్యి వేశాడు, నా ఆసరాతో నిలబడటానికే. "రేపు వచ్చి ఆ మూల చూపియ్యి. ఈసారి నీ చేతులు జేబుల పెట్టుకొని చూపియ్యి."

జేబుల్లో పెట్టుకునే చూపించాను. చాలా కష్టమైంది.

ఆ వారమంతా ఆయన ఒక్కొక్క వరుసనీ రెండుసార్లు కొట్టాడు, పైన తెలుగు, కింద కన్నడం. భాష మార్చిన ప్రతిసారీ మూల చూసి, "తెలుగుల ఉన్న", "కన్నడల ఉన్న" అని పైకి చెప్పేవాడు. చూశాను అని నేను గట్టిగా చెప్పేవాణ్ణి.

మరుసటి ఆదివారం కూడా వెళ్లాను, వెనక గోడ దగ్గరికే. పాట వచ్చింది. పిల్లలు గోడ దగ్గరికి జరిగి, చదువుకుంటూ వేగం అందుకుని, పాటలో మూడు వరుసలు ముందుకు పోయారు. ముసలమ్మలు తమ తీరున రాగాలు తీస్తూ వెనక ఉండిపోయారు. రెండు పాటలు నడుస్తున్నట్టుంది. ఆపరేటరన్న కంగారుపడి, పేజీ మార్చాలో వద్దో తెలియక, ఎడమ చెయ్యి పైకెత్తి పిల్లల్ని ఆగమన్నాడు.

ఎవరూ ఆగలేదు.